నలభై దాటాక హాల్ టిక్కెట్టు

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఈ వేళ నేను పచ్చళ్ళ గురించీ, పిల్లల చదువుల గురించీ మాట్లాడబోవడం లేదు. అవి ఇదివరకు చాలాసార్లు చెప్పాను, మీరూ ఓపిగ్గా విన్నారు. ఇవాళ ఒక పరీక్ష సంగతి చెబుతాను. పరీక్ష మా అమ్మాయిది కాదు, నాది. నాకు నలభై ఆరో ఏడు నడుస్తుండగా వయొలా అనే వాయిద్యంలో మూడో గ్రేడు పరీక్షకు కూర్చున్నాను. కూర్చున్నానని అలవాటు కొద్దీ అంటున్నాను గానీ, నిజానికి నిలబడే వాయించాను.

వయొలా అంటే ఏమిటని మీలో కొందరికి సందేహం రావచ్చు. మా పక్క ఫ్లాట్ ఆవిడ ఇప్పటికీ దాన్ని వయొలిన్ అనే అంటుంది. ఆవిడ తప్పేం లేదు, చూడటానికి అలాగే ఉంటుంది. వయొలిన్‌కి అక్క అనుకోండి. వయొలిన్ పెట్టె పొడవు సుమారు 14 అంగుళాలు. వయొలా పెట్టె 15 నుంచి 16న్నర దాకా, కొన్ని అంతకన్నా పొడుగు కూడా ఉంటాయి. ఖచ్చితంగా ఇంతే ఉండాలని నియమం లేదు, మనిషి చేతిని బట్టి ఎంచుకోవాలి. వయొలిన్‌కుండే సన్నతీగ దీనికి ఉండదు, దానికి బదులు కింద ఒక లావు తీగ ఉంటుంది. అందుకని గొంతు కాస్త జలుబు చేసిన ఆడమనిషి గొంతులా, నిండుగా, మెత్తగా వస్తుంది. మన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి పాట విననివాళ్ళుండరు గదా. ఆయన కచేరీల్లో వయొలా కూడా వాయించారని మాత్రం చాలామందికి తెలియదు.

పాశ్చాత్య సంగీతంలో దీనిది నడిమి గొంతు. పైన వయొలిన్లు పాటను మోసుకుపోతుంటాయి, కింద చెల్లో గంభీరంగా నడుస్తుంటుంది, మధ్యలో ఇది. ఉన్నప్పుడు ఎవరూ గమనించరు, లేకపోతే పాట బోలుగా ఉంటుంది. ఇలాంటివాళ్ళు మన ఇళ్ళల్లో ఎవరో నేను వేరే చెప్పక్కరలేదు కదూ!

ఇంతకీ ఇది నా చేతికి ఎలా వచ్చిందంటారా? మేముండేది సికిందరాబాదులో. ఇక్కడ చర్చిల్లో పియానోలూ వయొలిన్లూ నేర్చుకునేవాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా అలాంటి ఒక మాష్టారి దగ్గర వయొలిన్‌కి చేరింది. ఇంటర్‌కి వచ్చేసరికి, ఎంట్రెన్సు పరీక్షలు ముంచుకొస్తున్నాయని మానేసింది. నెల జీతం ముందుగా ఇచ్చి ఉన్నాం. అది అడగటానికి వెళ్ళానో, మానేస్తోందని చెప్పటానికి వెళ్ళానో ఇప్పుడు నాకే గుర్తులేదు. మాష్టారు ఓ మూల ఉన్న వయొలా పెట్టె చూపించి, "నలుగురు వయొలిన్ వాయిస్తున్నారు ఆంటీ, దీన్ని పట్టుకునేవాళ్ళే లేరు. మీకు సంగీతం వచ్చుగా, మీరు రాకూడదూ?" అన్నారు. ఆయనకు ఇరవై ఏడేళ్ళు. ఆయన నన్ను ఆంటీ అంటారు, నేను ఆయన్ని మాష్టారూ అంటాను. మొదట్లో ఇద్దరికీ నవ్వొచ్చేది, తరవాత అలవాటైపోయింది.

నాకు సంగీతం వచ్చునని ఆయనకెలా తెలుసంటే, అమ్మాయి చెప్పిందట. వచ్చినదేమీ లేదు. చిన్నప్పుడు రాజమండ్రిలో కర్ణాటక వయొలిన్ వర్ణాల దాకా నేర్చుకున్నాను. నా చదువు పదో తరగతితో ఆపేసినా, నాన్నగారు సంగీతం మాత్రం మాన్పించలేదు. పదిహేడో ఏట సర్టిఫికెట్ పరీక్షకు ఫీజు కట్టాం, హాల్ టిక్కెట్టు వచ్చింది. అది వచ్చిన వారానికే మా పెళ్ళిచూపులు, ఆపైన నెలకి ముహూర్తం. పరీక్ష తేదీ, ముహూర్తం ఒకే వారంలో పడ్డాయి. ఎవరూ నన్ను పరీక్షకు వెళ్ళొద్దని అనలేదు. వెళతావా అని కూడా అడగలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు. వయొలిన్ పుట్టింటి అటకెక్కింది. ఇది ఎవరిమీదా ఫిర్యాదుగా చెప్పడం లేదండీ, జరిగింది చెబుతున్నాను.

సరే, వయొలా పట్టుకున్నాను. కర్ణాటక పద్ధతిలో నేల మీద బాసింపట్టు వేసుకుని, వాయిద్యం తల కాలి మడమ మీద ఆనించి వాయిస్తాం. దీన్ని నిలబడి, గడ్డం కింద నొక్కి పట్టుకోవాలి. నాకు మొదటి నెలంతా వాయిద్యంతో కాదు, నా ఒంటిమీది వస్తువులతోనే సరిపోయింది. ఎడమచేతి గాజులు పెట్టెకు తగిలి ఘల్లుమనేవి. మంగళసూత్రాలు వెనక చెక్కకు కొట్టుకునేవి. భుజం కింద పెట్టే ఆసరా పట్టుచీర మీద సర్రున జారిపోయేది. గాజులు తీసేస్తానంటే మా అత్తగారు ససేమిరా అన్నారు. చివరికి ఒక్క గాజు ఉంచుకుని, దాన్ని మోచేతి వైపు ఎగదోసి రబ్బరు బ్యాండు వేయడంతో రాజీ కుదిరింది. సూత్రాలు జాకెట్టులోకి, పైట రెండు పిన్నీసులతో బిగించి, నేత చీర కట్టుకుంటే ఆసరా జారదు. ఈ సంగతులు ఏ పుస్తకంలోనూ రాయలేదు, అందుకే చెబుతున్నాను.

ఇంకోటి, భుజం. నలభై దాటిన ఆడవాళ్ళకు భుజం పట్టేయడం మీకు తెలిసిందే. ఎడమ చేయి చాపి ఒక పెద్ద పెట్టెను మోస్తూ నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నేను ఉత్సాహం కొద్దీ 16 అంగుళాలది తీసుకుని రోజుకు గంటన్నర వాయించి, మూడో వారానికి జడ వేసుకోలేని స్థితికి వచ్చాను. మాష్టారు అది మార్పించి 15 అంగుళాలది ఇచ్చారు. రెండు వారాలు వాయిద్యం ముట్టుకోవద్దన్నారు. ఆ తరవాత పొద్దున ఇరవై నిమిషాలు, రాత్రి ఇరవై నిమిషాలు, మధ్యలో ఆగాలి. వయసులో ఉన్నవాళ్ళు ఒకేసారి రెండు గంటలు సాధన చేస్తారు. మనకు అది కుదరదు, కుదిరినా చేయకూడదు.

ఆ రెండు వారాలూ ఊరికే ఉండలేక వయొలా గురించి చదివాను, విన్నాను. అందులో ఒకావిడ కథ నా మనసులో నిలిచిపోయింది. రెబెక్కా క్లార్క్ అని, 1886లో ఇంగ్లండులోని హారోలో పుట్టిందావిడ. లండన్‌లో సంగీత కళాశాలలో చదివేటప్పుడు వయొలిన్ వాయించేది. ఆవిడ గురువు స్టాన్‌ఫర్డ్, వయొలాకు మారమన్నాడు, ఎందుకంటే అప్పుడు ధ్వనికి నట్టనడుమ ఉంటావు, లోపల ఏం జరుగుతోందో తెలుస్తుంది అని. 1910లో తండ్రి ఇంట్లోంచి వెళ్ళగొట్టాడు. తండ్రి నడవడిని తప్పుపట్టడమే ఆవిడ చేసిన నేరం. చదువు ఆగిపోయింది. ఇక ఆ వయొలాయే ఆవిడకు కూడు పెట్టింది. 1919లో అమెరికాలో వయొలా రచనలకు ఒక పోటీ పెడితే, పేర్లు దాచి చూశారు. ఆవిడ రాసిన సొనాటా, ఎర్నెస్ట్ బ్లాక్ అనే ఆయన రచన సరిసమానంగా నిలిచాయి. చివరికి పోటీ పెట్టినావిడ ఓటుతో బహుమతి ఆయనకు వెళ్ళింది. తీరా ఆ రెండో రచన ఒక ఆడమనిషిదని తెలిసేసరికి, అది నిజంగా ఉన్న మనిషేనా, బ్లాక్‌గారే మారుపేరుతో రాశారా అని కూడా అనుకున్నారట! ఆవిడ 1979 దాకా జీవించింది. ఆ సొనాటా ఇప్పుడు వయొలా నేర్చిన ప్రతివాళ్ళూ వాయించాలనుకునే రచనల్లో ఒకటి. నాకు అది ఈ జన్మకు రాదు, వినడం మాత్రం మానను.

సంవత్సరంన్నర గడిచాక మాష్టారు పరీక్ష మాట ఎత్తారు. లండన్‌లో 1889లో మొదలైన అసోసియేటెడ్ బోర్డు వారి గ్రేడు పరీక్షలు మన ఊళ్ళో కూడా జరుగుతాయి. ఒకటి నుంచి ఎనిమిది దాకా గ్రేడులు. వయసుతో నిమిత్తం లేదు, ఒకటీ రెండూ రాయకుండా తిన్నగా మూడుకి వెళ్ళినా అడ్డు చెప్పరు. మొత్తం 150 మార్కులు, 100 వస్తే పాసు. పాటలు మూడు, ఒక్కోదానికి 30. స్కేళ్ళు, అంటే స్వరావళులకు 21. చూడని పాఠాన్ని అప్పటికప్పుడు చదివి వాయించడానికి 21. చెవి పరీక్షకు 18. ఒక భాగంలో తప్పినా మొత్తం మీద వంద వస్తే చాలు. ఈ మధ్య 2020 నుంచి వీడియో తీసి పంపే పద్ధతి కూడా వచ్చింది. మాష్టారు అదైనా సరే అన్నారు. నేనే ఒప్పుకోలేదు. నాకు హాల్ టిక్కెట్టు కావాలి, హాలు కావాలి, అవతల కుర్చీలో మనిషి కావాలి.

మా వారు పేపరులోంచి తల ఎత్తకుండానే, "పాసైతే ఇంక్రిమెంటు ఏమైనా ఇస్తారా?" అన్నారు. ఫీజు మాత్రం ఆయనే కట్టారు.

ఇప్పుడు అసలు తయారీ సంగతి. చిన్నపిల్లలకు ఏమీ తెలియకపోవడం కష్టం, నాకు కొంత తెలిసి ఉండటం కష్టమైంది. నా చెవిలో ఉన్న సంగీతమే నాకు అడ్డం పడేది. మన వయొలిన్‌లో నాలుగు తీగలూ స-ప-స-ప అని శ్రుతి చేస్తాం. వయొలాకు సి, జి, డి, ఎ. ప్రతి తీగా పక్కదానికి పంచమం. నా వేళ్ళు పాత లెక్క ప్రకారం వెళ్ళి, లేనిచోట షడ్జమం వెతికేవి. ఆపైన గమకం! మన దగ్గర స్వరాన్ని ఊపకుండా పలికితే ప్రాణం లేదంటారు. అక్కడ స్వరాన్ని కదపకుండా, గీత గీసినట్టు నిలబెట్టాలి. ఒక స్వరం మీంచి ఇంకోదాని మీదికి నా వేలు జారుకుంటూ పోయేది. మాష్టారు, "ఆంటీ, మెట్లు ఎక్కండి, జారుడుబల్ల వద్దు" అనేవారు.

అడ్డం పడిన ఆ సంగీతమే ఒకచోట ఆదుకుంది. స్కేళ్ళన్నీ చూడకుండా వాయించాలి. పేర్లు ఇంగ్లీషువి, నాకు నోటికి పట్టవు. ఒకరోజు వంటింట్లో పప్పు ఎనుపుతూ అనుకుంటుంటే తట్టింది. మేజర్ స్కేలంటే మన శంకరాభరణం. హార్మోనిక్ మైనరంటే కీరవాణి. మెలోడిక్ మైనరు చిత్రమైనది, ఎక్కేటప్పుడు గౌరీమనోహరి, దిగేటప్పుడు నఠభైరవి. మాష్టారికి చెబితే ఆయన తెల్లబోయి, ఆ పేర్లన్నీ పుస్తకంలో రాసుకున్నారు. ఆరోజు మాత్రం గురువును నేనే!

చదివి వాయించడం దగ్గర మళ్ళీ తల బొప్పి కట్టింది. వయొలాకు రాత కూడా వేరు. వయొలిన్‌కి ఒక గుర్తు, పియానో ఎడమచేతికి ఒక గుర్తు ఉంటే, దీనికి ఆల్టో క్లెఫ్ అని మూడోది. అయిదు గీతల్లో నడిమి గీత మీద నడిమి 'సి' కూర్చుంటుంది. నేను ఎవరూ చూడకుండా ప్రతి గుర్తు కిందా పెన్సిలుతో స రి గ మ రాసుకునేదాన్ని. మాష్టారు కనిపెట్టి, రబ్బరుతో అంతా చెరిపేశారు. కోపం వచ్చింది. పరీక్షలో అరనిమిషం టైమిచ్చి చూసుకోమంటారు, పెన్సిల్ ఇవ్వరు అన్నారాయన. నిజమే. అయినా ఆ అలవాటు పోవడానికి ఆలస్యమైంది, దాని ఫలితం మీకు కాసేపట్లో తెలుస్తుంది.

ఇంట్లో సాధనకు వేళ దొరకడం ఎలాగో మీకు తెలుసు. పొద్దున డికాక్షన్ దిగేలోపు ఇరవై నిమిషాలు. అపార్టుమెంటులో అయిదింటికి వాయిస్తే ఊరుకుంటారా? తీగల గుర్రం మీద రబ్బరు మ్యూట్ అని ఒకటి తగిలిస్తే శబ్దం గుసగుసగా అయిపోతుంది. ముందురోజు ఆవకాయ కలిపితే మర్నాడు వేళ్ళ నూనె తీగలకు అంటుకుంటుంది, సున్నిపిండితో కడుక్కోవాలి. ఎడమచేతి గోళ్ళు మొదలంటా తీసేయాలి. వెల్లుల్లి ఒలవడం ఆ కొన్ని నెలలూ మా అమ్మాయి వంతైంది.

పరీక్ష ఇంకా నెల ఉందనగా నాకు ఒక జబ్బు పట్టుకుంది. ఒంటరిగా వాయిస్తే బాగానే వస్తుంది. ఎవరైనా గదిలోకి వస్తే, మూడో పంక్తిలో తప్పు. తప్పు రాగానే ఆగడం, మళ్ళీ మొదటికి రావడం, మళ్ళీ అక్కడే తప్పు. మాష్టారు ఎన్నో విధాల చెప్పారు. చివరికి చెప్పింది మా అత్తగారు. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్ళు, సంగీతం రాదు, పాశ్చాత్య సంగీతం అసలే గిట్టదు. రాత్రిళ్ళు నేను వాయిస్తుంటే మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఉండేవారు. ఒకరోజు అన్నారు, "నువ్వెక్కడ తప్పావో నాకేం తెలుస్తుందే! నువ్వు ఆగి నాలిక కరుచుకుంటావు చూడు, అప్పుడు తెలుస్తుంది."

ఆ మాట విని వయొలా కింద పెట్టేశాను. నిజంగా అంతే కదండీ. కూరలో ఉప్పు తగ్గిందని వడ్డించకముందే మనమే చెప్పేస్తాం. ఎవరో తప్పు పట్టేలోపు మనమే పట్టేసుకోవడం ఇన్నేళ్ళుగా అలవాటైంది. అయితే పాట ఆగదు. అవతల పియానో వాయించే అమ్మాయి తన దారిన తను వెళ్ళిపోతుంటుంది, మనం మొదటికి వస్తానంటే కుదరదు. ఆ రోజు నుంచి సాధన మార్చేశాను. తప్పులు సరిచేసుకునేది పొద్దున. రాత్రి మాత్రం అత్తయ్యగారి ఎదుట నిలబడి, ఏమైనా సరే ఆగకుండా చివరిదాకా. నాలిక కరుచుకుంటే ఆవిడ ఒక చిక్కుడుకాయ పక్కన పెట్టేవారు. మొదటిరోజు తొమ్మిది కాయలు. పరీక్ష ముందురోజు రెండు.

పరీక్షనాడు నేత చీర, రెండు పిన్నీసులు, రబ్బరు బ్యాండు. వరండాలో కుర్చీల నిండా పిల్లలు, వాళ్ళ అమ్మలు. ఒకావిడ నన్ను, "మీ పాప నంబరెంత?" అని అడిగింది. చేతిలో కాగితం చూపించాను. ఆవిడ కాసేపు చూసి, తన మంచినీళ్ళ సీసా నాకిచ్చింది. ఆ తల్లి ఎవరో గానీ ఇప్పటికీ తలుచుకుంటాను.

లోపల మొత్తం పన్నెండు నిమిషాలు. పరీక్షకుడు తెల్లజుట్టు పెద్దమనిషి, చాలా మర్యాదగా మాట్లాడారు. మొదటి పాట సరిగ్గానే పోయింది. రెండో పాటలో ఒక పంక్తి మొత్తం ఎటో ఎగిరిపోయింది. పియానో ముందుకు వెళుతోంది. అత్తయ్యగారి వేళ్ళ మధ్య చిక్కుడుకాయ కళ్ళముందు కనిపించింది. రెండు తాళాలు ఊరుకుని, తరవాతి పంక్తి మొదట్లో అందుకున్నాను. మూడో పాట అయ్యాక పియానో అమ్మాయి బయటికి వెళ్ళిపోయింది, ఇక నేనూ ఆయనే. స్కేళ్ళలో ఒకచోట తడబడ్డాను. చూడని పాఠం వచ్చేసరికి, చెప్పాను కదా, మనసులో పెన్సిలుతో స రి గ మ రాసుకుంటూ కూర్చున్నాను, అరనిమిషం అయిపోయింది. చివరికి చెవి పరీక్ష. ఆయన పియానో మీద చిన్న చిన్న పంక్తులు వాయిస్తారు, మనం వెంటనే పాడి వినిపించాలి. పదిహేడేళ్ళ దాకా నేర్చుకున్నది అక్కడ దానంతటదే వచ్చేసింది. రెండో పంక్తి చివర నాకు తెలియకుండానే చిన్న కంపితం కూడా పడింది. ఆయన తల ఎత్తి చూసి, నవ్వి, రాసుకున్నారు.

కొన్ని వారాల తరవాత ఫలితం వచ్చింది. పాటలకు 23, 22, 24. ఆ 22, ఎగిరిపోయిన పంక్తి ఉన్న పాటది. స్కేళ్ళకు 16. చదివి వాయించడానికి 12, అంటే ఆ భాగంలో తప్పాను, 14 రావాలి. చెవికి 18కి 17. మొత్తం 114. మా వారు రెండుసార్లు కూడి చూసి, "పాసే" అన్నారు. సాయంత్రం వస్తూ పూతరేకులు తెచ్చారు. మా అమ్మాయి ఆ కాగితం ఫోటో తీసి చుట్టాలందరికీ పంపింది. ఎవరెవరో ఫోన్లు చేశారు. రాజమండ్రి నుంచి మా అన్నయ్య కూడా చేశాడు. కాసేపు ఆమాటా ఈమాటా మాట్లాడి, "నీ వయొలిన్ అటకమీద ఉందే, దింపనా?" అన్నాడు. నాకు కాసేపు గొంతు పెగల్లేదు.

పోయిన నెల తెచ్చి ఇచ్చాడు. పెట్టె అతుకులు విడిపోయాయి, తీగలు తుప్పు పట్టాయి, కమానుకు వెంట్రుకలే లేవు. పెట్టె అరలో, అగరువత్తుల వాసన వేస్తూ, మడతలు చిరిగిపోయిన ఆ పాత హాల్ టిక్కెట్టు ఉంది. వయొలిన్ బాగుచేసేవాళ్ళకు ఇచ్చాను, అతుకు పెట్టడానికి రెండు నెలలు పడుతుందన్నారు. హాల్ టిక్కెట్టు మాత్రం కొత్తదానితో కలిపి వయొలా పెట్టెలో పెట్టుకున్నాను. నాలుగో గ్రేడు పుస్తకం వచ్చింది. చిక్కుడుకాయల కాలం అయిపోయింది కాబట్టి, ఈసారి బఠాణీలు ఒలుస్తానంటున్నారు మా అత్తగారు.